తమ్ముడి నోటితో చెప్పిన నిజం

మధ్యాహ్నం చాయ్ తాగుదామని కొట్టు దిగి రోడ్డు దాటాను. హోటల్ ముందు నిలబడి సగం గ్లాసు తాగేసరికి మా తమ్ముడు శ్రీను వెనకాలే వచ్చి నా కాళ్ళ వైపు చూశాడు.

"అన్నా, ఒక్క చెప్పే తొడుక్కొని వచ్చినవేంది?"

కిందికి చూసుకున్నాను. కుడి కాలికి చెప్పు ఉంది. ఎడమ కాలు ఉత్తదే. ఎండాకాలం, కాలుతున్న తారు రోడ్డు. ఆ కాలికి ఏమీ తెలియలేదు. ఏదో పరధ్యానంలో ఉన్నానని నవ్వేశాను. నిజానికి ఆ రోజు నాకు భయం వేయలేదు. నా లోపం వాడి కంట పడిందే అని చిరాకు వేసింది. నా జబ్బు సంగతి రాయాలంటే ముందు ఆ చిరాకు సంగతి రాయాలి. అది లేకపోతే జబ్బు ఇంత దూరం పోయేది కాదు.

మాది జనగామలో బట్టల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. బాపు పోయినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. చదువు ఆపి గద్దె మీద కూర్చున్నాను. గద్దె అంటే మరేం లేదు, తెల్ల గుడ్డ పరిచిన పరుపు. దాని మీద బాసింపట్టు వేసుకుని ముందుకు వంగి బట్ట తాను విప్పడం, గిరాకీ ముందు పరవడం, మళ్ళీ చుట్టి వెనక్కి తిరిగి అరలో పెట్టడం. ఇరవై ఆరేళ్ళు నా నడుము చేసిన పని ఇదే. శ్రీను మాత్రం వరంగల్‌లో డిగ్రీ, ఆపైన ఎంబీఏ చదివి, ఇంగ్లీషు నేర్చుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వాడిని చదివించింది నేనే. చదివినందుకు వాడి మీద కుళ్ళుకున్నదీ నేనే.

మా దగ్గర పెళ్ళి బట్టలకు వచ్చేవాళ్ళకు ఒక పట్టింపు ఉంది. మొదటి బట్ట చెయ్యి మంచిదని పేరున్నవాడే తీసి ఇవ్వాలి. ఆ చేత్తో ఇస్తే కాపురం చల్లగా ఉంటుందని నమ్మకం. లింగాల ఘనపూర్, రఘునాథపల్లి వైపు నుంచి వచ్చేవాళ్ళు "పెద్ద సేటు ఉన్నడా?" అని అడిగి, లేకపోతే వచ్చేదాకా కూర్చునేవాళ్ళు. నేను డిగ్రీ చదవలేదు. నాకున్న పట్టా అదొక్కటే.

కాలు మొద్దుబారడం నుంచి నొప్పికి వచ్చింది. పిరుదు దగ్గర మొదలై పిక్క దాకా లాగేది. వరంగల్‌లో ఎంఆర్ఐ తీశారు, హైదరాబాద్‌లో పెద్ద డాక్టర్ చూశాడు. "ఎల్4, ఎల్5 మధ్య స్లిప్ ఉంది. నర్వ్ నలుగుతోంది. ఫ్యూజన్ చేద్దాం, అంటే ఆ రెండు ఎముకలనూ కలిపి బిగిద్దాం. నాలుగు స్క్రూలు, మధ్యలో ఒక కేజ్ పెడతాం" అన్నాడు. ఆపరేషన్‌కు ముందు నన్నూ, నా భార్య విజయనూ కూర్చోబెట్టి వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ చెప్పాడు. "బెండింగ్, లిఫ్టింగ్, ట్విస్టింగ్. ఈ మూడూ మూడు నెలలు వద్దు. మా అమ్మ కూడా మీలాంటి కొట్టులోనే చీరలు కొనేది. మీ పని నాకు తెలుసు. ఆ పరుపు ఎక్కొద్దు."

నాతో పాటు అదే రోజు, అదే డాక్టర్ దగ్గర, అదే ఆపరేషన్ చేయించుకున్న మనిషి పక్క బెడ్‌లో ఉండేవాడు. పేరు కొమురయ్య. భూపాలపల్లిలో బొగ్గు గని పని. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. రెండో రోజే వాకర్ పట్టుకుని బాత్రూమ్‌కు పోయి వచ్చాడు. నేను అదే రోజు లేవబోయి కళ్ళు తిరిగి కూలబడ్డాను. "ఏం గాదు సేటూ, రేపు నడుస్తవ్" అన్నాడు. మంచి మనిషి, మంచి మాట. నాకు మాత్రం గోడ వైపు తిరిగి పడుకోవాలనిపించింది. నాకంటే ఒక రోజు ముందే డిశ్చార్జ్ అయి, పోతూ పోతూ నా ఫోన్ నంబర్ తీసుకున్నాడు.

ఇంటికి వచ్చాక నెల రోజులు అంతా సక్రమంగానే జరిగింది. కాలి నొప్పి పోయింది. నడుముకు బెల్టు పెట్టుకుని ఇంట్లోనే తిరిగేవాడిని. కష్టమంతా చెవులతో వచ్చింది. కొట్టులో మాటలు మెట్ల మీదుగా పైకి వినిపిస్తాయి. మొదటి వారం గిరాకీలందరూ పెద్ద సేటు ఎట్లున్నాడని అడిగారు. రెండో వారం సగం మంది అడిగారు. నాలుగో వారం విజయ అన్నం పెడుతూ సంతోషంగా చెప్పింది.

"విన్నరా, చిన్నాయన చెయ్యి గూడ మంచిదని అంటున్నరట. పెండ్లోళ్ళు ఒక్కరు గూడ వాపసు పోతలేరు."

కొట్టు నడుస్తోందంటే సంతోషపడాలి. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

ఐదో వారంలో శ్రీను తన భార్యను తీసుకుని మహబూబాబాద్‌లో వాళ్ళ చుట్టాల పెళ్ళికి పోయాడు. కొట్టు మా పాత గుమాస్తా యాదగిరి చూసుకుంటున్నాడు. విజయ మందుల కోసం బజారుకు పోయింది. అప్పుడు కింద లింగాల ఘనపూర్ అవ్వ గొంతు వినిపించింది. ఆమె ఇద్దరు పెద్ద బిడ్డల పెళ్ళిళ్ళకూ మొదటి బట్ట నా చేత్తోనే ఇచ్చాను. ఇప్పుడు మూడో బిడ్డ పెళ్ళి.

"చిన్న సేటు లేడా? ఆయన చెయ్యి మంచిదంట గద."

మెట్ల పైన నిలబడి విన్నాను. నా పేరు ఎత్తుతుందేమో అని చూశాను. ఎత్తింది.

"పెద్దాయనకు నడుం పోయిందంట. పాపం."

ఆ పాపం అన్న మాట నన్ను కిందికి దించింది. యాదగిరి నన్ను చూసి నోరు తెరిచాడు. "సేటూ, మీరు పైకి పోన్రి" అంటూనే ఉన్నాడు, నేను గద్దె ఎక్కాను. బాసింపట్టు వేసుకున్నాను. పెళ్ళికొడుకు సూటు కోసం వెనక్కి తిరిగి పై అరలోంచి సూటింగ్ తాను లాగాను. పదిహేను కిలోల తాను. వంగాను, ఎత్తాను, తిరిగాను. డాక్టర్ వద్దన్న మూడూ ఒక్క ఊపులో చేశాను. నడుములో టక్కుమంది. ఆ చప్పుడు బయటికి వినపడిందేమో అని అవ్వ మొహం చూశాను. ఆమె గుడ్డ నలిపి చూసుకుంటోంది. నవ్వుతూ కొలిచి, కత్తిరించి, రెండు చేతులతో అందించాను. "నీ చెయ్యి సల్లగుండ సేటూ" అంది. ఆ మాట వినడానికే దిగాను కాబట్టి, దొరికిందనే అనుకున్నాను. తాను మళ్ళీ చుట్టి అరలో పెట్టి, ఎవరికీ చెప్పొద్దని యాదగిరికి చెప్పి, గోడ పట్టుకుని మెట్లెక్కాను.

ఐదు రోజుల తర్వాత పొద్దున లేస్తే ఎడమ పాదం వేళ్ళు పైకి లేవలేదు. నడిస్తే పాదం టపటపా నేలకు కొట్టుకునేది. హైదరాబాద్‌కు పరుగెత్తాం. "ఫుట్ డ్రాప్" అన్నాడు డాక్టర్. స్కాన్ చూసి మొహం మాడ్చుకున్నాడు. కేజ్ వెనక్కి జరిగి నర్వ్‌ను నొక్కుతోంది. ఒక స్క్రూ లూజ్ అయింది.

"పడ్డారా? బరువేమైనా ఎత్తారా? కింద కూర్చున్నారా?"

ఒక పక్క విజయ, ఇంకో పక్క శ్రీను నిలబడి ఉన్నారు. "ఏం లేదు సార్. దానంతట అదే అయింది" అన్నాను.

"దానంతట అది జరగకూడదే" అన్నాడాయన, నాతో కాదు, స్కాన్‌తో. బయటికి వచ్చాక శ్రీను మండిపడ్డాడు. "గీయన సరిగ్గ పెట్టలేదన్నా. మనోళ్ళందరికి చెప్త, ఇంకొకరు బలిగావద్దు." నేను తల ఊపాను. ఈ మొత్తం కథలో నేను ఎక్కువ సిగ్గుపడేది ఆ తల ఊపినందుకే.

రెండో ఆపరేషన్ చేశారు. అందులో నరాల మీది పొర చిరిగి లోపల ఉండే నీరు, సీఎస్ఎఫ్ అంటారు, లీక్ అయింది. వారం రోజులు దిండు లేకుండా వెల్లకిలా పడుకోబెట్టారు. తల ఎత్తితే పగిలిపోయే నొప్పి. అది తగ్గేసరికి కుట్ల దగ్గర నీరు కారడం మొదలైంది. ఆరు వారాలు చేతికి లైన్ పెట్టి యాంటీబయాటిక్స్ ఎక్కించారు. గాయం మానింది, కాలు రాలేదు. మూత్రం కూడా ముక్కితే గానీ వచ్చేది కాదు. నాలుగు నెలల తర్వాత సీటీ తీస్తే స్క్రూలు మళ్ళీ లూజ్. బయాప్సీలో ఏమీ దొరకలేదు. "కారణం లేకుండా రెండుసార్లు వదులయ్యాయంటే లోపల లో గ్రేడ్ ఇన్ఫెక్షన్ ఉందని నా అనుమానం. మళ్ళీ తెరవడానికి నాకు ధైర్యం చాలడం లేదు. ఇంకెవరికైనా చూపించండి" అన్నాడు డాక్టర్. అంత పెద్ద మనిషి ధైర్యం చాలడం లేదన్నాడు. కారణం నా కడుపులో ఉంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నేను చించుకోలేదు, అయినా కాళ్ళ మీదే పడింది.

ఆ రోజుల్లో నడిచేవాళ్ళంటేనే నాకు పడేది కాదు. కిటికీలోంచి చూస్తే ఎనభై ఏళ్ళ ముసలివాళ్ళు కూడా టకటకా పోతుండేవాళ్ళు. అందరికంటే కొమురయ్య. ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. "పొద్దుగాల మూడు కిలోమీటర్లు నడిచిన సేటూ. నువ్వెంత నడిచినవ్?" మంచిగనే అని చెప్పి పెట్టేసేవాడిని. తర్వాత ఫోన్ ఎత్తొద్దని విజయకు చెప్పాను. ఎత్తకపోయేసరికి ఆయన పరేషాన్ అయి, భూపాలపల్లి నుంచి బస్సెక్కి నేరుగా ఇంటికే వచ్చాడు. రెయిలింగ్ పట్టుకోకుండా మా మెట్లెక్కాడు. నేను ఆయన మొహం చూడలేదు, మోకాళ్ళు చూశాను.

నా ఎడమ పాదాన్ని చేత్తో పట్టుకుని చూశాడు. తర్వాత, "మా మేనకోడలు జర్మనీల నర్సు. గీ నడుం ఆపరేషన్లు చెడిపోయినోళ్ళు ఆడికే వస్తరట. అడిగి చూద్దమా?" అన్నాడు. వద్దని అందామనుకున్నాను. నేను చూసి ఏడ్చిన మనిషి చేత్తో నాకు మేలు జరగడం నచ్చలేదు. విజయ నా కంటే ముందే ఆ అమ్మాయి నంబర్ రాసుకుంది.

మిగతాదంతా శ్రీను చేశాడు. స్కాన్లు పంపడం, వీడియోలో మాట్లాడటం, ఆస్పత్రి నుంచి పిలుపు ఉత్తరం తెప్పించడం, మెడికల్ వీసా. తోడుగా ఒక్కరే పోవాలి. విజయ వస్తానంది. కానీ అక్కడ ఇంగ్లీషు కావాలి. అలా నేను చదివించిన ఇంగ్లీషు నన్ను వీల్‌చైర్‌లో తోసుకుంటూ విమానం ఎక్కింది. దారి పొడవునా వాడు అందరితో తడబడకుండా మాట్లాడుతుంటే, నేను మూటలా కూర్చుని చూశాను. కృతజ్ఞత ఉండాలి. ఉంది. దాని పక్కనే మంట కూడా ఉంది.

జర్మన్ డాక్టర్‌కు అరవై ఏళ్ళుంటాయి. మాట తక్కువ. సుత్తితో కొట్టి, సూదితో గుచ్చి, పాదం మొత్తం చూశాడు. తర్వాత మా మూడు స్కాన్లు తెర మీద వరుసగా పెట్టి, మొదటి దాని మీద వేలు ఆనించి ఒక ప్రశ్న అడిగాడు. శ్రీను నా వైపు తిరిగాడు.

"అన్నా, మొదటిసారి కేజ్ ఎందుకు జరిగిందో గది తెల్వాల్నట. దానంతట అదే జరిగితే లోపల ఇన్ఫెక్షన్ ఉన్నట్టేనట. అప్పుడు అన్ని ఊడవీకి, వారాలకు వారాలు మంచం మీద ఉంచి, మళ్ళ ఇంకో ఆపరేషన్ల పెట్టాలె. గంతదాక నర్వ్ ఆగుతదో లేదో చెప్పలేడట. బరువు పడి జరిగింటే వేరే తీరు. ఒక్క ఆపరేషన్‌తోటి చూడొచ్చట. బరువేమన్న లేపినవా అని అడుగుతున్నడు."

అంతా వాడి నోటితో విన్నాను. జవాబు కూడా వాడి నోటితోనే పోవాలి. ఆ క్షణం నాకు ఇంగ్లీషు వచ్చి ఉంటే వాడిని బయటికి పంపి చెప్పేవాడిని. విజయకు చెప్పొచ్చు, ఊరందరికీ చెప్పొచ్చు. ఎవరిని చూసి ఓర్వలేక చేశానో ఆ మనిషికే చెప్పి, వాడితోనే చెప్పించాలి. డాక్టర్ పెన్ను పట్టుకుని చూస్తున్నాడు. దుప్పటి కింద నా ఎడమ పాదం వేలాడుతోంది.

"లేపిన అని చెప్పు" అన్నాను.

శ్రీను డాక్టర్ వైపు తిరగలేదు. నన్నే చూస్తూ, "నాకెరుకే అన్నా" అన్నాడు.

"ఎట్ల ఎరుక? యాదగిరి చెప్పిండా?"

"ఎవ్వలు చెప్పలే. మహబూబాబాద్ నుంచి వచ్చిన తెల్లారి సూటింగ్ తాను తీసిన. అంచు లోపలికి పెట్టి చుట్టి ఉన్నది. మన కొట్టుల బాపు గట్ల చుట్టేటోడు, ఆయన తర్వాత నువ్వు. నేను, యాదగిరి అంచు బయటికే పెడ్తం."

"మరి డాక్టర్‌ను ఎందుకు తిట్టినవ్?"

"నిన్ను తిట్టలేక."

మళ్ళీ వాడే అన్నాడు. "నేను సుత డాక్టర్‌కు చెప్పాల్సింది. చెప్తే అందరి ముంగట నీ పరువు పోతదనుకున్న. నువ్వే చెప్తవని చూసిన. ఎందుకు లేపినవో గది గూడ చెప్పాల్నా ఈయనకు?"

"అన్ని చెప్పు. నిన్ను చూసి ఓర్వలేక లేపిన. గదే చెప్పు."

వాడు డాక్టర్ వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. చివరి మాట చెప్పాడో మింగాడో నాకు ఇప్పటికీ తెలియదు. బ్రదర్ అన్న మాట రెండుసార్లు వినపడింది. డాక్టర్ ఒకటే అడిగాడు, బరువెంత అని. శ్రీను ఆలోచించకుండా చెప్పాడు. ఆ తాను రోజూ ఎత్తుతున్నది వాడే కదా. డాక్టర్ రాసుకుని నాకు చెయ్యి అందించాడు. ఇప్పుడు ప్లాన్ చేయగలనని అన్నాడట.

ఒకే ఆపరేషన్ చేశాడు. ఏడున్నర గంటలు. పాత స్క్రూలు తీసి, పొడుగు స్క్రూలు సిమెంటుతో బిగించి, కింద కటి ఎముక దాకా పట్టు ఇచ్చాడు. లోపలి ముక్కలు పరీక్షకు పంపితే ఇన్ఫెక్షన్ లేదని వచ్చింది. మూడో రోజు చలిజ్వరం వచ్చి అందరం బెదిరిపోయాం. అది క్యాథెటర్ వల్ల వచ్చిన యూరిన్ ఇన్ఫెక్షన్, నాలుగు రోజుల్లో తగ్గింది. మూత్రం మామూలైంది. కాలు గురించి మాత్రం డాక్టర్ మాట ఇవ్వలేదు. "నర్వ్ నెలకు ఒక ఇంచు లెక్కన కోలుకుంటుంది. ఎంత వస్తుందో నేను చెప్పను, మీరే నాకు చెప్పండి" అన్నాడు. వరండాలో కాఫీ పట్టుకుని నడిచే జర్మన్ ముసలాయన మీద కూడా నేను రోజూ కుళ్ళుకున్నాను. దేశం మారితే బుద్ధి మారుతుందా?

ఇంటికి వచ్చిన పదో వారంలో బొటనవేలు కదిలింది. విజయ చూసి ఏడ్చింది. నేను కొమురయ్యకు ఫోన్ చేశాను. ఆయనకు నేనుగా చేసిన మొదటి ఫోన్ అదే. "ఇగ చూడు సేటూ, మూడు కిలోమీటర్లు నడుస్తవ్" అన్నాడు. ఇప్పుడు ఒక కిలోమీటరు నడుస్తాను, కర్రతో. పాదం పూర్తిగా రాలేదు, ఇక రాదు. ఏఎఫ్ఓ అని ఒక ప్లాస్టిక్ పట్టీ పిక్క దాకా కట్టుకుంటాను.

హైదరాబాద్ డాక్టర్ దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఏడాదిగా నా చేతుల్లోనే తప్పుందనుకుంటున్నాను. ఆ రోజే చెప్పి ఉంటే రెండోసారి వేరేగా చేసేవాడిని" అన్నాడు. నేను పాడుచేసుకున్నది నా నడుము ఒక్కటే అనుకున్నాను. ఆయన చేతిని కూడా పాడుచేశానని అప్పుడు తెలిసింది. ఆయన మీద చెడ్డ మాట చెప్పిన ప్రతి ఇంటికీ ఫోన్ చేసి మా తప్పేనని చెప్పాం. సగం మంది నమ్మలేదు.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఏ రోజు ఏం చేశారో, ఏ రోజు ఏం నొప్పి వచ్చిందో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటివాళ్ళ ముందు చెప్పలేనిది ఏదైనా ఉంటే దాన్ని వేరే కాగితం మీద రాసి డాక్టర్ చేతిలో పెట్టండి. ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలని అడగండి, ఏ డాక్టరూ కాదనడు. సిగ్గుపడి దాచిన సంగతే చాలాసార్లు ఆయనకు కావాల్సిన సంగతి అవుతుంది.

ఇప్పుడు గద్దె మీద శ్రీను కూర్చుంటాడు. పక్కన ఎత్తు కుర్చీలో నేను కూర్చుంటాను. ఈర్ష్య పోయిందా అంటే పోలేదు. నెలకు ఇంచు కూడా కదలడం లేదు. మొన్న లింగాల ఘనపూర్ అవ్వ చివరి బిడ్డ పెళ్ళి బట్టలకు వచ్చింది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎవరిని అడగాలో తెలియక ఆగింది. శ్రీను తాను మీద చెయ్యి పెట్టి నా మాట కోసం చూస్తున్నాడు.

"మా తమ్ముని చెయ్యి మంచిదవ్వా" అన్నాను.

"గట్లనా? నీకెట్ల ఎరుక?"

"రోజు పొద్దుగాల నా ఎడమ కాలికి పట్టీ కట్టి చెప్పు తొడిగేది ఆ చెయ్యే."

అనేశాక లోపల కొంచెం మండింది. మండితే మండనీ అని కూర్చున్నాను.